జీవకుడు గుర్తున్నాడు, సుప్పియ ఎందుకు గుర్తులేదు?





2025లో బుద్ధ పూర్ణిమ, అంతర్జాతీయ నర్సుల దినం రెండూ ఒకే రోజున వచ్చాయి. మే 12. పొద్దున మన బస్తీలో పంచశీల జెండా ఎగరేశాం, త్రిశరణ పంచశీల చెప్పుకున్నాం, పాయసం పంచాం. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్పత్రిలో నర్సులు కొవ్వొత్తులు వెలిగించి ప్రతిజ్ఞ చేశారట. మాకు వాళ్ల సంగతి తెలీదు, వాళ్లకు మా సంగతి తెలీదు. ఆ రాత్రి పేపర్లో వార్త చదివాక ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. రోగి మలమూత్రాలు స్వయంగా కడిగిన బుద్ధుడి పండుగనాడు, రోజూ ఆ పనే చేసేవాళ్లను మనం ఒక్కసారి కూడా ఎందుకు తలుచుకోలేదు?

ఈ చిన్న పుస్తకంలో ఆ ప్రశ్ననే తిరగేసి మరగేసి చూద్దాం. ఇది నర్సులను పొగడటానికి రాస్తున్నది కాదు. పొగడ్తలు వాళ్లకు కావలసినన్ని దొరుకుతూనే ఉన్నాయి. మరిచిపోవడం తప్పా కాదా, తప్పయితే అది ఎలాంటి తప్పు, ధమ్మం దాని గురించి ఏమంటుంది, అన్నదే ఇక్కడి విషయం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. కొన్నేళ్ల కింద మా అమ్మ పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. నడుం కదిలేది కాదు. డాక్టరుగారు రోజుకోసారి వచ్చి, కేసు షీటు చూసి, రెండు మాటలు చెప్పి వెళ్లేవారు. మంచి మనిషి, మంచి వైద్యం చేశారు. మిగతా ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు అమ్మను చూసింది ఒక నర్సమ్మ, ఒక ఆయమ్మ. పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, రాత్రి రెండింటికి భయపడి లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోవడం అంతా వాళ్లే. డిశ్చార్జి రోజున మేం శాలువా కొన్నాం, స్వీటు డబ్బా కొన్నాం. రెండూ డాక్టరుగారికే ఇచ్చాం. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది: "ఆ పిల్ల పేరేంటి నాయనా?" నాకు తెలీదు. పదకొండు రోజులు "సిస్టర్, సిస్టర్" అని పిలిచాను, పేరు అడగలేదు. కులం పేరుతో, పని పేరుతో మనల్ని పిలిచి సొంత పేరు లేకుండా చేశారని సభల్లో గొంతు చించుకునే నేను, నాకు సేవ చేసిన మనిషి పేరు అడగలేదు.

ఇక ధమ్మం దగ్గరికొద్దాం.

వినయ పిటకంలోని మహావగ్గలో ఒక ఘట్టం ఉంది. బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో కూడా దాన్ని చేర్చారు. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి విహారం తిరుగుతూ అతన్ని చూస్తాడు. నిన్ను చూసుకునేవాళ్లెవరూ లేరా అని అడుగుతాడు. లేరంటాడు. ఎందుకు లేరంటే, నా వల్ల వాళ్లకేమీ ఉపయోగం లేదు గనుక అంటాడు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మంటాడు. తానే నీళ్లు పోస్తాడు, ఆనందుడు కడుగుతాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టి మంచం మీద పడుకోబెడతారు. తర్వాత సంఘాన్ని సమావేశపరిచి, మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని నిలదీస్తాడు. తనకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయాలని చెబుతాడు.

ఈ కథ మనందరికీ తెలుసు. కానీ ఇందులో రెండు సంగతులను మనం దాటేసి పోతుంటాం. మొదటిది, ఆ భిక్షువును వదిలేసినవాళ్లు దుర్మార్గులేం కారు. వాళ్లకో లెక్క ఉంది. మనకు ఉపయోగపడేవాడికి మనం ఉపయోగపడాలి. బుద్ధుడు కొట్టేసింది ఆ లెక్కనే. రెండోది, అక్కడ నీళ్లు పోసినవారు, కడిగినవారు ఇద్దరూ మగవాళ్లు. రోగి సేవ ఆడవాళ్ల సహజ గుణమని, అది వాళ్ల పుట్టుకలోనే ఉందని చెప్పే మాటకు ఆ రోజే సమాధానం దొరికింది. ఆ పని చేయడానికి కావలసింది కరుణ, నేర్పు. గర్భసంచి కాదు.

ఇప్పుడు మన శీర్షికలోని ఇద్దరి సంగతి. జీవకుడు మనందరికీ తెలుసు. తక్షశిలలో ఏడేళ్లు వైద్యం చదివాడు, బింబిసారుడికీ బుద్ధుడికీ వైద్యం చేశాడు, రాజగృహంలో తన మామిడితోటను సంఘానికిచ్చాడు. ఆయన పేరుతో ఆస్పత్రులున్నాయి, మందుల దుకాణాలున్నాయి. మంచిదే. మరి సుప్పియ? ఆమె వారణాసి ఉపాసిక. అంగుత్తర నికాయలో బుద్ధుడు ఎవరెవరు దేనిలో అగ్రగణ్యులో వరుసగా చెప్పిన జాబితా ఉంది. రోగులకు సేవ చేసే ఉపాసికల్లో అగ్రగణ్యురాలిగా అక్కడ సుప్పియ పేరుంది. పాళీలో గిలానుపట్ఠాకి అంటారు. గిలాన అంటే రోగి, ఉపట్ఠాకి అంటే దగ్గరుండి చూసుకునే ఆమె. నేటి మాటలో నర్సు. వైద్యుడికి ఎంత చోటుందో నర్సుకూ అంత చోటు ఆ జాబితాలో ఉంది. జీవకుణ్ణి మనం గుర్తుపెట్టుకున్నాం, సుప్పియను వదిలేశాం. ఆ తప్పు త్రిపిటకానిది కాదు, మనది.

సుప్పియ గురించి మహావగ్గ చెప్పే కథ కొంచెం భయంకరంగా ఉంటుంది. జబ్బుపడిన ఒక భిక్షువు మాంసరసం కావాలంటాడు. ఆమె మనిషిని బజారుకు పంపిస్తుంది. ఆ రోజు వధ నిషేధం, మాంసం దొరకదు. మాటిచ్చాను, రోగికి ఇవ్వకపోతే ఎలా అని ఆమె తన తొడ కోసి, వండించి పంపిస్తుంది. తర్వాత గాయం మానిన అద్భుతం కూడా కథలో ఉంది. దాన్ని పక్కన పెడదాం. మనకు కావలసింది బుద్ధుడు ఏం చేశాడన్నది. ఇలాంటి త్యాగం అందరూ చేయండని ఆయన సంఘానికి నియమం పెట్టలేదు. ఆ భిక్షువును పిలిచి, నువ్వు తిన్నదేమిటో అడిగావా అన్నాడు. అడగలేదని తెలిసి మందలించాడు. మనిషి మాంసం తినకూడదని, ఏ మాంసమైనా విచారించకుండా తినకూడదని నియమం పెట్టాడు.

ఆలోచించండి. తప్పు ఎవరి దగ్గర పట్టుకున్నాడు? ఇచ్చినామె దగ్గర కాదు, అడగకుండా తిన్నవాడి దగ్గర. సేవ పొందేవాడికి ఒక బాధ్యత ఉంది: ఇది ఎవరి ఒంట్లోంచి వచ్చింది అని అడగడం. ఈ ప్రశ్నను మన ఆస్పత్రుల చరిత్ర మీద పెట్టి చూద్దాం.

1897 సంవత్సరం తీసుకుందాం. ఆ ఏడు ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూశాడు. గొప్ప సంగతి. ఆయనకు నోబెల్ వచ్చింది, బేగంపేటలో ఆయన పేరుతో భవనం ఉంది, ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుకుంటాం. అదే 1897లో పుణెను ప్లేగు ఊపేసింది. అరవై ఆరేళ్ల సావిత్రిబాయి ఫూలే, వైద్యుడైన తన పెంపుడు కొడుకు యశ్వంత్‌తో కలిసి ఊరి బయట ప్లేగు రోగులకు చికిత్స ఇచ్చే చోటు నడిపింది. ముంధ్వా మహార్‌వాడలో పాండురంగ బాబాజీ గాయక్వాడ్ అనే పిల్లవాడికి ప్లేగు తగిలిందని తెలిసి, అతన్ని వీపున మోసుకుని తెచ్చింది. ఆ జబ్బు ఆమెకూ అంటుకుంది. మార్చి 10న చనిపోయింది. మనం జనవరి 3న ఆమెను తొలి మహిళా టీచరుగా తలుచుకుంటాం, బళ్లలో బొమ్మలు పెడతాం. ఆమె బతికింది టీచరుగా, నిజమే. చనిపోయింది మాత్రం గిలానుపట్ఠాకిగా. ఆ సగాన్ని మనం మన పోస్టర్లలో కూడా వదిలేశాం.

తెలుగు నేల సంగతి చూద్దాం. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరు లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆస్పత్రి తెరుచుకుంది. ఇప్పటికీ జనం దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. పరాయి దేశం నుంచి వచ్చి జీవితమంతా ఇక్కడే ధారపోసిన ఆ డాక్టరమ్మకు ఆ గౌరవం న్యాయమే. ఆమెతో పాటు పనిచేసిన కేథరిన్ ఫాస్ అనే నర్సు పేరు ఎంతమందికి తెలుసు? ఆ ఇద్దరి పక్కన నిలబడి పని నేర్చుకున్న తెలుగు అమ్మాయిల పేర్లు ఎంతమందికి తెలుసు? డాక్టరు పేరు గోడకెక్కింది, విదేశీ నర్సు పేరు నివేదికలో మిగిలింది, తెలుగు నర్సు పేరు ఎక్కడా లేదు. మరుపుకు కూడా మెట్లున్నాయి. పై మెట్టు కొంచెం ఆలస్యంగా చెరిగిపోతుంది, కింది మెట్టు అసలు రాయబడనే రాయబడదు.

ఆ తెలుగు అమ్మాయిలు ఎవరు? మిషన్ ఆస్పత్రుల్లో మొదట నర్సు పనికి ముందుకొచ్చింది ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. తెలుగు జిల్లాల్లో ఆ కాలపు క్రైస్తవ సంఘాల్లో అధిక భాగం మాల, మాదిగ కుటుంబాలు. అంటే ఏంటి? ఊళ్లో నీళ్లబావి తాకనివ్వని చేతులు, ఆస్పత్రిలో అదే ఊరివాళ్ల పుండ్లు కడిగాయి. బతికి బట్టకట్టడానికి ఆ చెయ్యి కావాలి, ఇంటికెళ్లాక ఆ చెయ్యి పనికిరాదు. అంతకుముందు కూడా కాన్పు చేసేది ఊరి మంత్రసానే. బిడ్డ మొదట పడేది ఆమె చేతుల్లోనే. బొడ్డు కోసినందుకు ఆమెకు శేరు బియ్యం, పాతచీర దక్కేవి, పురుటి మైల కూడా ఆమెకే అంటగట్టేవాళ్లు.

మన దేశంలో నర్సింగ్ ఎందుకంత ఆలస్యంగా పెరిగిందో చెప్పే ఒక లెక్క ఉంది. స్వాతంత్ర్యానికి ముందు ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అప్పుడు దేశంలో సుమారు 6,300 మందికి ఒక డాక్టరు ఉంటే, సుమారు 43,000 మందికి ఒక నర్సు ఉంది. డాక్టరు చెప్పిన వైద్యాన్ని పగలూ రాత్రీ అమలు చేయాల్సింది నర్సులు. కనుక డాక్టర్ల కంటే నర్సులే ఎక్కువ ఉండాలి. మన దగ్గర తలకిందులైంది, దాదాపు ఏడుగురు డాక్టర్లకు ఒక నర్సు. ఎందుకని? జీతం తక్కువ, ఉండటానికి చోటు సరిగా లేదు, రాత్రి డ్యూటీ చేసే ఆడదాన్ని ఊరు వేలెత్తి చూపిస్తుంది. ఇవన్నీ నిజమే. వీటన్నిటి కింద ఇంకో కారణం ఉంది. నాడి పట్టుకుని మందు పేరు చెప్పడం గౌరవం, ఆ మందు తాగి కక్కినదాన్ని ఎత్తిపోయడం మైల అని మనకు వేల ఏళ్లుగా నేర్పారు. తలతో చేసే పని పై కులం, చేత్తో చేసే పని కింది కులం. శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని కులాన్ని గురించి బాబాసాహెబ్ చేసిన విశ్లేషణ మన ఆస్పత్రి వార్డులో కళ్లకు కనబడుతుంది. నర్సింగ్ పాఠ్యపుస్తకం తెరవండి. 1891లో శిక్షణకు వచ్చిన తొలి భారతీయ నర్సుగా బాయి కాశీబాయి గణపత్ అని ఒక వాక్యం ఉంటుంది. ఒక్కటే వాక్యం. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న.

ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ సంగతేంటి అంటారేమో. ఆమెనైనా ఎలా గుర్తుపెట్టుకున్నాం? చేతిలో దీపం, మొహంలో జాలి. ఆమె గొప్ప గణాంక నిపుణురాలు. యుద్ధంలో సైనికులు గాయాల కంటే జబ్బులతోనే ఎక్కువగా చస్తున్నారని అంకెలతో, పటాలతో నిరూపించింది. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలు. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా ఇక్కడి కరువుల మీద రాసింది, గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, నీటిపారుదల కోసం వాదించింది. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని ఊరు తక్కువ. ఆయన వెనక నిలిచి వాదించినవాళ్లలో ఒక నర్సు ఉందని అక్కడ ఎవరికైనా తెలుసా? ఆమె తెలివిని తీసేసి జాలి ఒక్కటే మిగిల్చాం. నర్సును దేవతగా చేయడమంటే ఇదే.

ఈ విషయంలో వినయ పిటకం మనకంటే ఎంతో ముందుంది. రోగి దగ్గర ఉండదగినవారికి ఐదు లక్షణాలు ఉండాలని అక్కడ చెప్పారు. మందు సిద్ధం చేయడం రావాలి. రోగికి ఏది పథ్యమో ఏది కాదో తెలియాలి. లాభం కోసం గాక మైత్రితో చేయాలి. మలమూత్రాలు, ఉమ్మి, వాంతి ఎత్తడానికి అసహ్యించుకోకూడదు. సమయం చూసి ధమ్మపు మాటలతో ధైర్యం చెప్పగలగాలి. వరుస గమనించండి. మొదటి రెండూ జ్ఞానానికి సంబంధించినవి. కరుణ తర్వాత వచ్చింది. ప్రజ్ఞ, శీలం, కరుణ అని బాబాసాహెబ్ మనకు చెప్పిన క్రమం కూడా ఇదే. తెలివి లేని జాలి రోగిని చంపుతుంది. నర్సు పనిని "మనసున్న పని" అని మాత్రమే అనేవాళ్లు, అది తెలివున్న పని కూడా అని ఒప్పుకోవడానికి ఇష్టపడటం లేదన్నమాట.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం పెడతారు. అది తేలికగా తీసేసేది కాదు. "లాభం కోసం చేయకూడదని మీరే చెబుతున్నారు. బౌద్ధం అనాత్మను బోధిస్తుంది. నేను, నాది అనేదే వదలమంటుంది. మరి పేరు కావాలని, గుర్తింపు కావాలని అడగడం ధమ్మానికి విరుద్ధం కాదా? నిజమైన సేవకు పేరెందుకు?"

దీనికి జవాబు అదే మహావగ్గలో ఉంది. ఒక భిక్షువు చనిపోతే అతని పాత్ర, చీవరాలు సంఘానికి చెందుతాయి. అయితే రోగికి సేవ చేసినవారు ఎంతో ఉపకారం చేశారు గనుక, వాటిని వాళ్లకు ఇవ్వమని బుద్ధుడు అనుమతించాడు. సేవ చేసినవాళ్లలో ఒక సామణేరుడు, అంటే ఇంకా పూర్తి భిక్షువు కాని కుర్రవాడు ఉంటే? అతనికీ సమాన వాటా ఇవ్వమన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు చిక్కు విడిపోయింది. ఇక్కడ రెండు ధర్మాలున్నాయి, ఇద్దరి మీద ఉన్నాయి. లాభం చూసుకోకుండా చేయడం సేవ చేసేవారి శీలం. వాటా ఎగ్గొట్టకుండా ఇవ్వడం సంఘం శీలం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొట్టడమే మన సమాజం చేస్తున్న మోసం. పేరు వదులుకోవడం ఆమె చేయగల త్యాగం. ఆమె పేరు చెరిపేయడం మనం చేసే దొంగతనం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే రెండింట్లోనూ చివరికి పేరు మిగలదు. ఒకటి దానం, ఇంకోటి అదిన్నాదానం. పంచశీలలో రెండోదేంటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం.

అనాత్మ పేరుతో వాదించేవారిని ఇంకో మాట అడుగుతాను. పేర్లు మాయ అయితే డాక్టర్ల పేర్లు, దాతల పేర్లు, మంత్రుల పేర్లు పాలరాతి మీద ఎందుకున్నాయి? ఆ రాళ్లన్నీ తీసేశాక మాట్లాడుకుందాం. అంతేకాదు, లోకంలో ఇద్దరు మనుషులు అరుదని బుద్ధుడు చెప్పాడు. తానుగా ముందు మేలు చేసేవారు ఒకరు, పొందిన మేలును తెలుసుకుని చాటుకునేవారు రెండోవారు. కృతజ్ఞత, పాళీలో కతఞ్ఞుతా, మంగళసుత్తంలో మంగళాల్లో ఒకటి. చేసిన మేలు తెలియడం అని ఆ మాటకు అర్థం. తెలియాలంటే ముందు అడగాలి కదా. ప్రతీత్యసముత్పాదం చెప్పేది కూడా ఇదే. ఏదీ ఒక్క కారణంతో పుట్టదు. జబ్బు నయం కావడం కూడా అంతే. డాక్టరు ఒక కారణం, మందు ఒక కారణం, రోగి ఓపిక ఒక కారణం, వేళకు మందు వేసి పక్కకు తిప్పిన చెయ్యి ఒక కారణం. ఒక్క కారణానికే దండ వేయడం అవిద్య.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. "నయం చేసేది డాక్టరే కదా. నర్సు సాయం చేస్తుంది. ఫలితం ఎవరిదో పేరు వారిది."

దీనికి ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సులు జవాబు చెప్పారు. అరుణా షాన్‌బాగ్ ఆ ఆస్పత్రిలోనే నర్సు. 1973లో అక్కడి ఉద్యోగి ఒకడు ఆమె మీద దాడి చేశాడు. మెదడు దెబ్బతిని ఆమె మళ్లీ లేవలేదు. 2015 మే 18న చనిపోయేవరకూ, అంటే దాదాపు 42 ఏళ్లు మంచం మీదే ఉంది. ఆ 42 ఏళ్లూ ఆమెను చూసుకున్నది ఆ ఆస్పత్రి నర్సులు. ఒకరు రిటైరైతే ఇంకొకరు. ఆమెను ఎన్నడూ సహోద్యోగిగా చూడనివాళ్లు కూడా, కొత్తగా చేరినవాళ్లు కూడా. మంచాన పడ్డ మనిషికి పదిరోజుల్లో పుండ్లు పడతాయని ఇంట్లో ముసలివాళ్లను చూసుకున్నవాళ్లందరికీ తెలుసు. ఆమెకు పడక పుండు పడనివ్వలేదు వాళ్లు. 2011లో సుప్రీంకోర్టు ఆ సేవను మెచ్చుకుంది. అక్కడ నయమైందేమీ లేదు. ఫలితం అనే లెక్కలో అది సున్నా. ఆ 42 ఏళ్లు వృథా అని మనలో ఎవరైనా అనగలమా?

అంగుత్తర నికాయలో బుద్ధుడు మూడు రకాల రోగుల గురించి చెప్పాడు. సేవ దొరికినా దొరక్కపోయినా కోలుకోనివారు ఒకరు. దొరికినా దొరక్కపోయినా కోలుకునేవారు ఒకరు. దొరికితేనే కోలుకునేవారు ఇంకొకరు. ఈ మూడోవారిని చూసే మందు, పథ్యం, సేవ ఏర్పాటు చేశారు, కానీ మిగతా ఇద్దరికీ కూడా సేవ చేయాలి అన్నాడు. అంటే సేవ విలువ నయం కావడం మీద ఆధారపడి లేదు. దుఃఖంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదలకపోవడమే దాని విలువ. ఆ లెక్కన నర్సు డాక్టరు పనిలో చిన్న ముక్క చేయడం లేదు. ఆమెది ఇంకో పని. దానికి దానిదే గౌరవం.

మరి మనం ఏం చేస్తున్నాం? దేవత అంటున్నాం. కోవిడ్ రోజుల్లో చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. అదే రోజుల్లో వాళ్లను అద్దె ఇళ్లలోంచి ఖాళీ చేయించినవాళ్లూ మన మధ్యే ఉన్నారు. 2018 మే నెలలో కేరళలో నిపా రోగికి సేవ చేస్తూ లినీ పుతుస్సేరి అనే నర్సు చనిపోయింది. ఇద్దరు పసిబిడ్డల తల్లి. ఆమె పేరన్నా మిగిలింది, సంతోషం. ప్రతి నర్సూ చనిపోతేనే పేరు మిగులుతుందంటే అది ఏ రకం న్యాయం? సుప్పియ తొడ కోసుకుంటేనే కథలోకి వచ్చినట్టు.

దేవతకు జీతం అక్కర్లేదు, అదే ఆ మాటలోని మర్మం. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల విషయమై 2016లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు చిన్న ఆస్పత్రిలోనైనా నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. మీ ఊళ్లో నర్సింగ్ హోముకెళ్లి అక్కడి నర్సమ్మను పక్కకు పిలిచి అడగండి, ఎంతిస్తున్నారమ్మా అని. అడగకుండా తినొద్దన్న నియమం ఇక్కడే పాటించాలి.

ఇప్పుడు మన ఇంటి గుమ్మంలోకి వద్దాం. ఈ మరుపు పై కులాలవాళ్లదే అయితే నేను ఈ పుస్తకం మీ కోసం రాయనక్కర్లేదు. మన వాడల్లో మొదట నెల జీతం తెచ్చిన ఆడవాళ్లెవరు? చాలా ఇళ్లల్లో టీచరమ్మ, నర్సమ్మ, ఏఎన్ఎం, ఆయమ్మ. తెల్లచీర కట్టుకుని, ఐస్‌బాక్సు భుజానేసుకుని, గట్ల మీద నడిచి టీకాలేసినవాళ్లు. మశూచి ఈ దేశం నుంచి పోయింది. 2014లో మనది పోలియో లేని దేశమని ప్రకటించారు. ఆ చుక్కలు పిల్లల నోట్లో వేసిన చేతులు ఇవే. వాళ్ల జీతంతో చదువుకున్న కొడుకులు ఇవాళ సంఘాల్లో నాయకులు. ఏప్రిల్ 14న ఫ్లెక్సీ మీద ఆ కొడుకుల ఫోటోలుంటాయి. అమ్మ ఫోటో ఉండదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. నర్సును డాక్టరు చిన్నచూపు చూస్తే బాధపడే మనమే, నర్సు ఆయమ్మను కసురుకుంటే పట్టించుకోం. ఆయమ్మ స్వీపరును కసురుకుంటుంది. అంతస్తుల అసమానత అని బాబాసాహెబ్ దేన్ని అన్నారో అది వార్డులోనూ ఉంది. ప్రతి మెట్టూ తన కింద ఇంకో మెట్టు ఉందని తృప్తిపడుతుంది. కాబట్టి నర్సుల పేర్లు తెచ్చి అక్కడితో ఆగిపోతే మనం పైనుంచి రెండో మెట్టు దాకానే వచ్చినట్టు. సామణేరుడికీ సమాన వాటా అన్న మాట మర్చిపోవద్దు.

మిషన్ నర్సులు మతం కోసం చేశారు కదా, మనమెందుకు పొగడాలి అని కూడా కొందరంటారు. వాళ్ల మనసులో ఏముందో తవ్వడం నా పని కాదు. మన తాతమ్మ పురిటినొప్పుల్లో ఉన్నప్పుడు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదే నాకు ముఖ్యం. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశానని అశోకుడు చెక్కించిన శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఉంది. ఆ బండ ఇక్కడే ఉండగా ఆ పని మనం మానేశాం. ఎక్కడి నుంచో వచ్చి చేసినవాళ్లను తప్పుపట్టే ముందు దానికి సిగ్గుపడదాం.

చివరిగా, చేయదగిన నాలుగు పనులు చెబుతాను.

ఒకటి. మీ ఊళ్లో, మీ వాడలో పనిచేసిన పాత నర్సులు, ఏఎన్ఎంలు, మంత్రసానులు, ఆయమ్మల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. బతికున్నవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. చరిత్రకారులు వస్తారని చూడొద్దు, వాళ్లు రారు.

రెండు. బుద్ధ పూర్ణిమ నాడు విహారంలో గిలానుపట్ఠాకుల పేర్లు చదవండి. శాలువాతో సరిపెట్టకండి, వాళ్ల జీతం, డ్యూటీ గంటలు, కాంట్రాక్టు సంగతి అడగండి. వాళ్లు ధర్నాలో కూర్చుంటే వెళ్లి పక్కన కూర్చోండి.

మూడు. ఇంట్లో జబ్బుపడ్డవాళ్లను భార్యకో, కూతురికో, కోడలికో వదిలేసి ధమ్మం గురించి మాట్లాడకండి. నీళ్లు పోసినవాడు బుద్ధుడు, కడిగినవాడు ఆనందుడు. మగవాళ్లు రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

నాలుగు. ఆస్పత్రికి వెళ్లినప్పుడు పేరు అడగండి. "మీ పేరేంటమ్మా?" అన్న ఒక్క మాట.

నేను ఏడాది తర్వాత ఆ వార్డుకు మళ్లీ వెళ్లాను. ఆ అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగమట, గడువైపోయి వెళ్లిపోయిందట. ఎక్కడికో అక్కడ ఎవరికీ తెలీదు. ఆయమ్మ మాత్రం అక్కడే ఉంది. కూర్చోబెట్టి పేరు అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, "ఎందుకయ్యా, ఏదన్నా కంప్లైంటా?" అంది.

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆమె పేరును ఎవరైనా అడిగారంటే అది ఫిర్యాదు కోసమేనని ఆమెకు తెలుసు. మనం మార్చాల్సింది ఆ ప్రశ్ననే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.